సముద్రం ఆమ్లీకరణ చెందుతుంటే ఆల్చిప్పలు, పగడాలు కరిగిపోవా?

బతికున్న ఆల్చిప్పలు, పగడాలు చాలావరకు కరిగిపోవు. చిప్ప కట్టుకునే చోట ఆమ్లగుణాన్ని తగ్గించుకుని తట్టుకుంటాయి, కాకపోతే దానికి ఒంట్లో శక్తి బాగా ఖర్చవుతుంది.

కడప ఇళ్లలో వంటగట్టుకు వేసే నల్లబండ సున్నపురాయే. నిమ్మరసం పడి ఆగితే మచ్చ తేలుతుంది. చిప్పల్లో ఉన్నదీ అదే కాల్షియం కార్బొనేట్ కాబట్టి ఈ అనుమానం సహజమే. అయితే బండకు ప్రాణం లేదు, వీటికి ఉంది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది. దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లు, చిప్పకు ముడిసరుకైన కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. పగడాలు తమ గూడు పేరుకునే సన్నటి ఖాళీలోంచి ఆ అయాన్లను బయటికి పంపు చేస్తాయి. చాలా రకాల చిప్పలకు పైన ఒక కాపుదల పొర ఉంటుంది. పీతలైతే రక్తంలో బైకార్బొనేట్ పెంచుకుని నెట్టుకొస్తాయి.

అసలు టెన్షన్ పిల్లల దశలోనే. ఆల్చిప్ప లార్వా తొలి చిప్పను దాదాపు రెండు రోజుల్లో, ఎక్కువగా గుడ్డులోని నిల్వతోనే కట్టుకోవాలి. 2000 దశకం చివర్లో అమెరికా పడమటి తీరపు హేచరీల్లో (ఆల్చిప్ప పిల్లల్ని పెంచే కేంద్రాల్లో) లార్వాలు కుప్పలుగా చనిపోతే, నీళ్లలో ఆమ్లగుణాన్ని తగ్గించే సోడా యాష్ కలిపి కాపాడుకున్నారు.

సముద్రం ఆమ్లంగా మారిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. పైనీళ్ల సగటు పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) పారిశ్రామిక యుగానికి ముందున్న 8.2 నుంచి సుమారు 8.1కి తగ్గింది; ఇప్పటికీ క్షారమే. ఆ 0.1 తేడా చిన్నదేమీ కాదు, హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు.