బిడ్డ హెచ్‌ఈసీ అంటోంది, తండ్రి ఎంపీసీకి అడ్వాన్సు కట్టాడు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా ఆయన ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు నడుపుతాడు. మా బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసింది. ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకుని చరిత్ర చదువుతానంటోంది. మా ఆయన ఎవరినీ అడగకుండా హైదరాబాద్‌లో ఒక కాలేజీలో ఎంపీసీకి 10 వేలు అడ్వాన్సు కట్టి వచ్చాడు. "చచ్చిన రాజుల కథలు కూడు పెడతయా? సైన్స్ లేకపోతే మనమంతా మీ తాతలెక్క వంగిపోయేటోళ్లం" అంటాడు. మా మామకు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయింది. మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి. బిడ్డ రోజూ ఆయన పక్కన కూర్చుని పాత సంగతులు నోట్‌బుక్‌లో రాసుకుంటది. తండ్రీబిడ్డలకు పదిహేను రోజులుగా మాటల్లేవు. చరిత్ర ముఖ్యమా, సైన్స్ ముఖ్యమా? మీరు రాస్తే ఆయన వింటాడు.

జవాబు: అమ్మా, ఏది ముఖ్యమో నేను ఒక్క మాటలో రాస్తే, ఆ పేపరు పట్టుకుని మీ ఇంట్లో ఒకరు ఇంకొకరి మీదికి పోతారు. అందుకే ఆ తీర్పు ఇవ్వను. ఆ రెండు సబ్జెక్టులకూ మీ ఇంట్లోనే జాగా ఉంది. మీ మామగారి మంచం దగ్గర.

ముందు మీ ఆయన మాట. అది వట్టి మొండితనం కాదు. కన్నతండ్రి నడుము ఏటికేడు వంగిపోవడం చూస్తూ పెరిగిన మనిషి ఆయన. మీ వైపు భూమి కింద ఉన్నది గ్రానైట్. దానిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద గారలు వస్తాయి, ఇంకా ఎక్కువైతే పెద్దల కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. ఒకసారి బిగిసిన వెన్నును మళ్లీ నిటారుగా చేసే మందు లేదు. ఇదంతా కనిపెట్టింది సైన్సే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మీ జిల్లా పేరే పెట్టారు. దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అంటారు. జిల్లాకు ఇట్లా పేరు రావడం గర్వమో బాధో నాకు ఇప్పటికీ తేలదు.

అయితే ఆయన చెప్పింది సగమే. ఆ పద్ధతి వచ్చింది 1970లలో. కృష్ణ మీ జిల్లా అంచునే పారుతుంది. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ వేసింది మాత్రం 2015లో. జబ్బు తెలుసు, నీళ్లను బాగుచేసే పద్ధతి తెలుసు, నది కూతవేటులో ఉంది. మరి మధ్యలో ఇన్ని దశాబ్దాలు ఎందుకు పట్టింది? కాలువ ఎవరి పొలాల దాకా పోయింది, మిట్ట మీది ఊళ్లు ఎందుకు మిగిలిపోయాయి, ఎవరు అడిగారు, ఎవరు విన్నారు? ఈ ప్రశ్నలకు ఏ ల్యాబులోనూ జవాబు దొరకదు. ఇదీ చరిత్రే. చచ్చిన రాజులు ఇందులో ఒక్కరూ లేరు.

మీ ఆయనను తప్పుపట్టలేను, మనకు బడిలో చెప్పిన చరిత్ర అట్లాంటిది. నేనూ తేదీలు, బిట్లు బట్టీ పట్టి పాసైనవాణ్ణే. పదో తరగతిలో సోషల్‌కు 100 మార్కులు, భౌతిక, జీవ శాస్త్రాలు రెండూ కలిపి సైన్స్‌కు 100. చూడటానికి సమానమే. కానీ సోషల్‌లో భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం పోను చరిత్రకు మిగిలేది ఒక ముక్క. ఆ ముక్కను కూడా గైడు చూసి చదివిస్తాం. సైన్స్ గతి కూడా అంత గొప్పగా ఏం లేదు. పటిక నీళ్లలో ఏం చేస్తుందో బోర్డు మీద రాస్తారు, ఒక్క బిందెలో వేసి చూపించరు.

ఇక మీ బిడ్డకు. తాత చెప్పిందల్లా రాసుకోవడం మంచిదే, కానీ అక్కడితో ఆగితే అది చరిత్ర కాదు, తాత ముచ్చట్లే. ఊళ్లో బోరింగు ఎప్పుడు వేశారు, అంతకుముందు ఏ బావి నీళ్లు తాగారు, ఆ బావి నీళ్లే తాగినవాళ్లలో ఎవరెవరికి కీళ్లు పట్టాయి? ఇవే ప్రశ్నలు ఇంకో ఇద్దరు ముసలివాళ్లను అడిగితే సంవత్సరాలు కలవవు. ఎవరి మాట ఎందుకు నమ్మాలో అక్కడ తేల్చుకోవాలి. ఆ పని నచ్చితే చరిత్ర ఆమెకు సరిపడుతుంది. లెక్కల భయంతో హెచ్‌ఈసీ వైపు చూస్తుంటే మాత్రం అది వేరే సంగతి. మీరు మెల్లగా, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. భయమే అయితే దానికి మందు లెక్కల ట్యూషన్, చరిత్ర కాదు.

గ్రూపు సంగతి దాచకుండా చెప్తాను. ఎంపీసీ చదివినవాళ్లు తర్వాత డిగ్రీలో బీఏ చరిత్రకు మారవచ్చు. హెచ్‌ఈసీ చదివినవాళ్లకు ఇంజినీరింగ్ దారి మూసుకుపోతుంది. మీ ఆయన భయంలో ఈ మాత్రం నిజం ఉంది, బిడ్డ దాన్ని విని ఒప్పుకోవాలి. అలాగని హెచ్‌ఈసీ గోడ కాదు. ఐదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా సరే. టీచరు, లెక్చరరు ఉద్యోగాలున్నాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో చరిత్ర, సంస్కృతి, భూగోళం కలిపి ఒక పేపరు, తెలంగాణ ఉద్యమానికి ఇంకో పేపరు ఉన్నాయి. సైన్స్ అండ్ టెక్నాలజీకి కూడా ఒక పేపరు ఉంది, ఆ సంగతి బిడ్డకు చెప్పండి. హెచ్‌ఈసీ ప్రైవేటు కాలేజీల్లో అరుదు. దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉందో లేదో, లెక్చరర్ ఉన్నారో లేదో ముందే వెళ్లి కనుక్కోండి. లెక్చరర్ లేని గ్రూపులో చేర్చకండి.

నన్నడిగితే, ముసలివాళ్లను అడిగి నిజం తేల్చుకునే ఆ పనిలో బిడ్డ నిలబడితే హెచ్‌ఈసీకే ఒప్పుకుంటాను. ఇష్టం లేని ఎంపీసీని హాస్టల్లో రెండేళ్లు మోసి, ఏ ర్యాంకూ రాకుండా ఇంటికొచ్చిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

అయినా ఇప్పుడు మీకు కావలసింది గ్రూపు కంటే ముందు, ఆ ఇద్దరి మధ్య మాట. బిడ్డ తన నోట్‌బుక్‌లోని బావులు, బోరింగులు మీ ఆయనకు చూపించి, 'నాన్నా, ఈ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎట్లా తెలుస్తది' అని అడగమనండి. ప్లాంటులో ఉండే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. దానికి పరీక్ష వేరే. ఆయనకు అది తెలిసే ఉంటుంది, చెప్పనివ్వండి. రెండు మూడు పాత బావుల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపించే పని ఆయనకే అప్పగించండి.

అడ్వాన్సు తిరిగి ఇస్తారా అని ఈ వారమే ఆ కాలేజీకి ఫోన్ చేయించండి. 'ఇవ్వం' అంటే పోనివ్వండి, ఆ 10 వేల కోసం రెండేళ్లు పణం పెట్టకండి. గ్రూపు మాట తేల్చుకునే రోజు మీ మామగారి మంచం కూడా వాకిట్లోకి తెప్పించండి. ఇంతవరకు ఆయన నడుము గురించి అందరూ మాట్లాడారు, ఆయనను ఎవరూ అడిగినట్టు లేదు.