కెమెరాలు పెట్టాక పీఎల్‌సీ లింకు ఎందుకు పోతోంది?

ప్రశ్న: మాది కావలి దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను. రెండు నెలల కిందట ప్లాంటంతా 24 సీసీ కెమెరాలు పెట్టారు. అప్పటి నుంచి రోజుకు రెండు మూడుసార్లు కంప్రెసర్ రూం పీఎల్‌సీకీ (మెషిన్లను నడిపే కంట్రోలర్) ఆఫీసులోని స్కాడా కంప్యూటర్‌కూ (మెషిన్ల రీడింగులు చూపించి రికార్డు చేసేది) లింకు తెగుతోంది, కోల్డ్ స్టోరేజి టెంపరేచర్ రికార్డులో ఖాళీలు పడుతున్నాయి. బయ్యర్ ఆడిట్ దగ్గర పడిందని మేనేజర్ గారికి ఒకటే టెన్షన్. మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగులు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్‌లు) పెడితే చాలని ఒక సప్లయర్ అంటున్నారు. నిజంగా చాలా సార్?

జవాబు: చాలదు. పెట్టాల్సిందే, కానీ పెట్టినంత మాత్రాన ఏమీ మారదు. డబ్బాలోంచి తీసి అలాగే బిగించిన మేనేజ్డ్ స్విచ్ సాధారణంగా మామూలు స్విచ్‌లాగే పనిచేస్తుంది, పోర్టులన్నీ వీల్యాన్ 1లోనే ఉంటాయి (వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడదీసి పెట్టుకునే వేరే నెట్‌వర్క్). డబ్బు పెట్టి కొనేసి ఒక్క సెట్టింగ్ కూడా చేయకుండా వదిలేసిన ప్యానెళ్లు నేను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపేలా ఉందనుకోండి, 24 కెమెరాలకు 96 మెగాబిట్లు. ప్రాసెసింగ్ హాలు నుంచి ఆఫీసుకు ఒకే కేబుల్ ఉండి, ఆ స్విచ్‌లు 100 మెగాబిట్లవి అయితే ఇక మిగిలిందేమిటి? పీఎల్‌సీ పంపే టెంపరేచర్ రీడింగ్ నిజానికి చాలా చిన్నది, కానీ చెరువు గట్టు మీద మేత లారీ అడ్డంగా నిలబడితే వెనక స్కూటరైనా కదల్లేనట్టు అది కూడా ఆగిపోతుంది, స్కాడా కాసేపు ఎదురుచూసి లింకు పోయిందని అలారం ఇస్తుంది.

కొత్తగా ఏమైనా కొనే ముందు ఒక పని చేయండి. సెక్యూరిటీ వాళ్లకు ముందే చెప్పి, ఒక రోజంతా కెమెరాల కేబుళ్లు ప్లాంటు స్విచ్‌ల నుంచి తీసేయండి. ఆ రోజంతా ఒక్కసారి కూడా లింకు పోకపోతే కారణం కెమెరాలేనని దాదాపు తేలినట్టే. ఇంకొకటి, ఐపీ అడ్రస్‌లు. కెమెరాలు బిగించిన వాళ్లు 192.168.1 సీరీస్‌లో ఖాళీగా కనపడ్డ నంబర్లు ఇచ్చుకుంటూ పోతారు, ఆ రోజు ఆఫ్‌లో ఉన్న హెచ్ఎంఐ (మెషిన్ దగ్గరి ఆపరేటర్ స్క్రీన్) నంబరే ఒక కెమెరాకు పడిందంటే ఇలాగే వస్తూ పోతూ ఉంటుంది. అందుకని ప్లాంటులోని ప్రతి అడ్రస్‌నూ ఒక నోటుబుక్కులో రాయండి, ఒక పూట పడుతుంది, కానీ సగం జబ్బులు అక్కడే బయటపడతాయి.

ఇక విడదీయడం. మెషిన్లకు వీల్యాన్ 10, కెమెరాలకు 20, ఆఫీసుకు 30 అనుకోండి (నంబర్లు మీ ఇష్టం, 1 నుంచి 4094 దాకా ఉన్నాయి, 1ని మాత్రం వాడకండి). పీఎల్‌సీ, హెచ్ఎంఐ పోర్టులు 10లో యాక్సెస్ పోర్టులుగా (ఒక్క వీల్యాన్‌కే చెందినవి) ఉంటాయి, స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య పోర్టు ట్రంక్ (అన్ని వీల్యాన్లనూ మోసేది). ట్రంక్‌లో వెళ్లే ప్రతి ఫ్రేముకూ (డేటా ముక్కకూ) 4 బైట్ల ట్యాగ్ తగులుతుంది, అవతలి స్విచ్ దాన్ని చూసి ఏ వీల్యాన్‌దో గుర్తుపడుతుంది. ఈ పద్ధతి 802.1క్యూ, 1998 నుంచి ఉంది, కాబట్టి వేరే వేరే కంపెనీల స్విచ్‌లు కలిపినా నడుస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వీల్యాన్ బండ్లను విడదీస్తుంది గానీ రోడ్డును వెడల్పు చేయదు. ఆ 96 మెగాబిట్లు అదే 100 మెగాబిట్ల ట్రంక్ మీద పోతే మీ కష్టం అలాగే ఉంటుంది. ట్రంక్‌ను గిగాబిట్ చేయండి, లేదా కెమెరాలకు విడిగా కేబుల్ లాగండి. కంప్రెసర్ రూం నుంచి దూరం 100 మీటర్లు దాటితే రాగి కేబుల్ కుదరదు, ఫైబరే వేయాలి, పైగా డ్రైవుల (మోటార్ల స్పీడు మార్చే యూనిట్ల) నాయిస్ బాధ కూడా ఫైబర్‌కు ఉండదు. మెషిన్ల వీల్యాన్‌కు స్విచ్‌లో ప్రయారిటీ కూడా పెంచండి.

ఆఫీసు కంప్యూటర్‌కు పీఎల్‌సీ కనపడాలి కదా అంటారేమో. మధ్యలో ఫైర్‌వాల్ (ఎవరిని రానివ్వాలో చూసే కాపలా పరికరం) పెట్టి, ఆ ఒక్క కంప్యూటర్‌ను, ఆ ఒక్క పోర్టు నంబరులోనే (ఇది సాఫ్ట్‌వేర్ పోర్టు, కేబుల్ గుచ్చేది కాదు) రానివ్వండి, పీఎల్‌సీ మాట్లాడే భాష మోడ్‌బస్ టీసీపీ అయితే పోర్టు 502. మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అంటూ లేదు, నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా సెట్‌పాయింట్ (మెషిన్‌కు మనం పెట్టిన లక్ష్యం) మార్చేయగలరు, మీ కంప్రెసర్లు అమ్మోనియావి అయితే ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. 2017 మేలో వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు రెనో కార్ల కంపెనీ కొన్ని ఫ్యాక్టరీలనే ఆపుకోవాల్సి వచ్చింది. డ్రైవులు ప్రొఫినెట్‌లో (పీఎల్‌సీలు మాట్లాడే ఇంకో పద్ధతి) ఉంటే మాత్రం వాటిని పీఎల్‌సీ ఉన్న వీల్యాన్‌లోనే ఉంచండి, ఆ డేటా రౌటర్ దాటి పోదు.

స్విచ్ ప్యానెల్‌ను కంప్రెసర్ రూంలో పెట్టకండి. అమ్మోనియా, తేమ కలిస్తే రాగిని తినేస్తాయి. ఆడిట్ సంగతికొస్తే, ఖాళీలు పడ్డ రోజుల మాన్యువల్ రీడింగులు దాచకుండా చూపించండి, ఇకపై రీడింగులు హెచ్ఎంఐలో కూడా సేవ్ అయ్యేలా చేయించండి.

ప్రశ్న: చీమకుర్తిలో చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. ఇంత ఖర్చెందుకు, కెమెరాలకు 192.168.2 సీరీస్ ఇస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. నంబర్లు వేరైనా వైరు ఒకటే, బ్రాడ్‌కాస్ట్‌లన్నీ (అందరినీ ఉద్దేశించి పంపే సందేశాలు) అందరికీ చేరతాయి, ల్యాప్‌టాప్ ఐపీ మార్చుకున్నవాడు నేరుగా మెషిన్‌లోకి వస్తాడు. అయితే మీకున్నవి రెండు మెషిన్లు, ఆరు కెమెరాలే అయితే మేనేజ్డ్ స్విచ్ కొనమని నేను చెప్పను. కెమెరాలకు ఒక మామూలు స్విచ్ విడిగా పెట్టి, అక్కడి నుంచి ఎన్‌వీఆర్‌కు (కెమెరాల రికార్డర్) విడిగా కేబుల్ వేయండి, రెండు స్విచ్‌లనూ ఎక్కడా కలపకండి. ఇంతకన్నా గట్టిగా విడదీయడం వీల్యాన్ వల్ల కూడా కాదు.

ప్రశ్న: కృష్ణపట్నం దగ్గర నూనె ఫ్యాక్టరీలో పనిచేస్తున్నా. వీల్యాన్లు అన్నీ పెట్టాం, బాగా నడిచాయి. కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ మాయం. స్విచ్ పాడైనట్టా?

జవాబు: పాడవలేదు, సేవ్ చేయలేదు. చాలా స్విచ్‌లలో మనం మార్చింది అప్పటికి నడుస్తుంది, విడిగా సేవ్ కొడితేనే ఆఫ్ అయినా నిలుస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు పీఎల్‌సీ, హెచ్ఎంఐ పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా (అవతల ఒక్క మెషినే ఉన్నవి) కూడా పెట్టండి, లేకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసే ఏర్పాటు) ఆ పోర్టులను 30 సెకన్ల దాకా ఆపి ఉంచవచ్చు. సేవ్ అయ్యాక స్విచ్‌ను ఒకసారి మీరే ఆఫ్ చేసి ఆన్ చేసి చూడండి, కాన్ఫిగరేషన్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసి ప్యానెల్ డ్రాయింగులతో పాటు ఉంచండి. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాసి పెట్టకండి.