నోట్సు నెట్‌లో పెట్టేముందు

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పదో తరగతి ఫిజిక్స్ నోట్సు పీడీఎఫ్ చేసి నెట్‌లో పెడుతున్నానని, ఎవరూ కాపీ కొట్టకుండా తాళం ఎలా వేయాలో చెప్పమని అడిగావు. అబ్బయా, కంటికి కనిపించేదానికి గట్టి తాళం లేదు. పీడీఎఫ్‌లో కాపీ, ప్రింట్ కుదరకుండా పెట్టే అడ్డును తీసేసే సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయి. అవి కూడా అక్కర్లేదు, స్క్రీన్‌షాట్ చాలు. గూగుల్ డ్రైవ్‌లో డౌన్‌లోడ్, ప్రింట్ ఆపే సెట్టింగ్ ఉంది, పెట్టుకో. దాన్నే నమ్ముకుని మాత్రం కూర్చోకు.

నాకు జరిగింది చెప్తాను. ఒకసారి ఒంగోలులో ఒక జిరాక్స్ షాపులో నా నోట్సే కనిపించింది. స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతున్నారు. నా పేరున్న మొదటి పేజీ తీసేశారు, అంతే. కటకం బొమ్మలో ఒక కిరణానికి నేను పొరపాటున బాణం గుర్తు వెనక్కి వేశాను. అదీ అలాగే ఉంది! ఆ బాణం మీద వేలుపెట్టి ఇది నాదేనన్నాను. "మీ పేరెక్కడుందండీ?" అన్నాడు షాపతను. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

అందుకే నీ పేరు ప్రతి పేజీలో ఉండాలి. అంచున వేస్తే క్రాప్ చేసి పారేస్తారు. బొమ్మ లోపల, కిరణాల మధ్య ఖాళీలో సన్నగా వేయి. దాన్ని చెరిపితే బొమ్మ కూడా చెడాలి, కానీ చదివే పిల్లలకు అడ్డం రాకూడదు. డబ్బు కట్టినవాళ్లకిచ్చే కాపీల్లో కొన్నవాళ్ల పేరు కూడా వేస్తే, బయటికి పోయింది ఎవరి కాపీయో తెలుస్తుంది.

చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నువ్వు రాసిన క్షణం నుంచే హక్కు నీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గొడవొస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. చేత్తో గీసిన బొమ్మలు, పాత వర్డ్ ఫైళ్లు పారేయకు. అయితే న్యూటన్ సూత్రాలు నీవి కావు. నువ్వు వివరించిన తీరు, గీసిన బొమ్మ నీవి. ఇంకొకరి గైడులోంచి బొమ్మ ఎత్తి పెట్టావంటే రేపు ఎవరినీ అడిగే మొహం ఉండదు.

ఎవరైనా వేరే సైట్‌లో పెడితే ముందు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకుని, తర్వాత ఆ సైట్‌వాళ్లకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయి. 2013 కాపీరైట్ నియమాల ప్రకారం ఫిర్యాదు సరిగ్గా ఉందని తేలితే వాళ్లు 36 గంటల్లో దాన్ని ఎవరికీ కనిపించకుండా ఆపాలి. 21 రోజుల్లో నువ్వు కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు దాన్ని మళ్లీ తెరవచ్చు, అందుకని కాగితాలన్నీ ముందే సర్దిపెట్టుకో. స్నేహితుడికి ఫార్వర్డ్ చేసిన పిల్లవాడి మీదికి మాత్రం పోకు. మన గొడవ అమ్ముకునేవాడితోనే.

కాంతి పాఠం ఒక్కటి పేరు వేసి నాకు వాట్సాప్‌లో పంపు. రంగు మరీ లేతగా ఉంటే జిరాక్స్‌లో ఎగిరిపోతుంది. ఇక్కడ కాపీ తీయించి, పేరు కాగితం మీద పడిందో లేదో చూసి ఫోన్ చేస్తాను.

మామయ్య