సైకిల్ తొక్కేటప్పుడు పెడల్ ఎంత వేగంగా తిప్పాలి?

బరువు గేర్‌లో నెమ్మదిగా తొక్కాలా, తేలిక గేర్‌లో గబగబా తొక్కాలా అని అడిగారు కదా. చాలామందికి రెండోదే మంచిది, కాకపోతే ఓ హద్దు వరకే.

ఒకే స్పీడ్‌లో వెళ్తున్నా, నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పేవాళ్లతో పోలిస్తే 60 సార్లు తిప్పేవాళ్లు ప్రతి తొక్కుకీ ఒకటిన్నర రెట్లు బలం పెట్టాలి, ఆ భారమంతా తొడల మీద, మోకాళ్ల మీద పడి కాళ్లు తొందరగా పట్టేస్తాయి. వేగంగా తిప్పితే కండరాలకు తెరిపి, కానీ గుండె, ఊపిరితిత్తులు ఎక్కువ పనిచేయాలి. ఆయాసం కాసేపట్లో తగ్గిపోతుంది, అలిసిన కాళ్లు మాత్రం అంత తేలిగ్గా కోలుకోవు, అందుకే నా ఓటు తేలిక గేర్‌కే.

కొత్తవాళ్లు నిమిషానికి 70-80 సార్లు తిప్పడంతో మొదలుపెట్టండి. బాగా అలవాటైనవాళ్లు చదును రోడ్డు మీద 80-100 మధ్య తిప్పుతారు. మీటర్ అక్కర్లేదు, కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. సీటు మీద ఎగిరెగిరి పడుతున్నారంటే గేర్ మరీ తేలికైందన్నమాట.

ఎత్తు వస్తే 60-70కి పడిపోవడం మామూలే. గేర్ మాత్రం ఎత్తు మొదలవకముందే మార్చేయండి, సగం ఎక్కాక బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైన్ కరకరలాడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది కూడా. ఎదురుగాలిలో పాత స్పీడే ఉండాలని పట్టుబట్టకండి. గాలి వీయని రోజు కూడా వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుంటూ పోవడానికి పెట్టాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది! స్పీడ్ తగ్గనిచ్చి శ్రమను ఒకేలా ఉంచుకోండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే ఆ జోరులో చాలాసేపు తొక్కొచ్చు, మాట మధ్యలో తెగుతుంటే ఒక గేర్ తగ్గించండి.