‘ఇస్కూలు’, ‘పోను’ అంటే అంత చిరాకెందుకు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అత్త పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఈమధ్యే మాతో ఉంటా ఉంది. మనిషి చాలా మంచిది, కానీ ఆమె ఇస్కూలు, పోను, బోజనం అంటా ఉంటే నాకు ఒళ్లు మండిపోతుంది. రెండో క్లాసు చదివే మా వాడు కూడా అవే పట్టుకున్నాడు, క్లాసులో పిల్లోళ్లు నవ్వారంట. మొన్న చుట్టాల ముందర "పోను కాదత్తా, ఫోను" అనేశాను. అప్పట్నుంచి ఆమె సరిగ్గా మాట్లాడ్డం లేదు, ఫోన్ మోగినా ఎత్తదు. తప్పుని సరిదిద్దడం కూడా తప్పేనా? ఈ చిరాకు ఎట్లా పోతుంది?

జవాబు: సరిదిద్దడం తప్పు కాదమ్మా, చుట్టాల ముందర సరిదిద్దడం తప్పు. ఆ వయసులో కోడలు నలుగురిలో మాట పట్టుకుంటే ఇంక నోరు తెరవాలన్నా జంకు పుడుతుంది, ఫోన్ ఎత్తకపోవడం అలక కాదు, మళ్లీ ఎవరన్నా నవ్వుతారేమో అనే భయం. ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు "ఆ రోజు అట్లా అనుండకూడదత్తా" అని చెప్పేయండి, సాగదీయకండి.

ఇక ఆ మాటల సంగతి. అవి నాలుక తిరక్క వచ్చేవి కాదు. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో తెలుగుకి వర్ణాలు 36 అని లెక్క చెప్పి, ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలూ శ, ష కూడా సంస్కృత పదాలతో పాటు మనకి వచ్చినవేనని మొదట్లోనే రాశాడు. అంటే భోజనం అనే సంస్కృతం మాటని మీ అత్త తెలుగు నోటికి తగ్గట్టు బోజనం చేసుకుంది. ఇస్కూలు కూడా అంతే, స్క, స్ట అని మొదలయ్యే మాటలు మన సొంత తెలుగులో లేవు, అందుకే నాలుక ముందర ఒక ‘ఇ’ చేర్చుకుంటుంది. బస్, కార్ అనేవాటి చివర ‘ఉ’ చేర్చి బస్సు, కారు అని మీరూ నేనూ చేసే పని కూడా ఇట్లాంటిదే కదా, దానికి ఎవరూ నవ్వరు.

ఫోను సంగతి చూడండి. పై పళ్లు కింది పెదవికి ఆనించి పలికే ఆ శబ్దం తెలుగుదీ కాదు, సంస్కృతానిదీ కాదు. సంస్కృతంలో ఫలం అంటే ‘ప’నే ఒత్తి పలకాలి. ఫలితం, ఫలహారం అనేటప్పుడు చదువుకున్నోళ్లం చాలామందిమి ఇంగ్లీషు ‘ఎఫ్’ పెట్టి పలుకుతున్నాం, పాత పండితుల లెక్కలో అదీ తప్పే. ఇంకా వెనక్కి పోతే క్రొత్త, ప్రాత, క్రింద అనేవి కొత్త, పాత, కింద అయ్యాయి, గుఱ్ఱం, చెఱువులో ఉన్న బండి ‘ఱ’కి వేరే పలుకు ఉండేది, అది పోయి మామూలు ‘ర’లో కలిసిపోయింది. ఇవాళ గుర్రం అంటే ఎవరికీ చిరాకు రాదు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఒకటుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు వచ్చీరాని తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే ఎంత ముచ్చటగా ఉందో అని మెచ్చుకుంటాం, అదే తడబాటు పల్లె నుంచి వచ్చిన అత్త నోట్లోనో కూరగాయలమ్మే ఆమె నోట్లోనో వింటే ఒళ్లు మండుతుంది. మన చెవికి శబ్దం కంటే ముందు మనిషి అంతస్తు వినపడుతుంది తల్లీ. మీకు మళ్లీ చిరాకు వచ్చినప్పుడు ఇదే మాట ఆఫీసరు అనుంటే నేనేం చేసేదాన్ని అని ఒక్కసారి అనుకోండి, సగం కోపం అక్కడే దిగిపోతుంది.

పిల్లోడి గురించి బెంగ వద్దు. ఇంట్లో ఒక రకంగా, బడిలో ఒక రకంగా మాట్లాడ్డం పిల్లలకి తొందరగా పట్టుబడుతుంది, రోజూ కాసేపు తెలుగు పాఠం గట్టిగా చదివించండి చాలు. క్లాసులో నవ్వుతున్నారనే సంగతి టీచర్‌కి చెప్పండి, ఆపాల్సింది ఆ నవ్వుని. అంతేగానీ ‘అవ్వకి రాదు, అవ్వలాగా మాట్లాడొద్దు’ అని మాత్రం వాడితో అనకండి. మీ అత్త నీళ్లు, కళ్లు, పెళ్లి ఎట్లా పలుకుతుందో, మీ వాడెట్లా పలుకుతున్నాడో ఒకసారి పక్కపక్కన వినండి. ‘ళ’ వాడి నోట్లో ‘ల’ అయిపోతా ఉంటే అవ్వ దగ్గరే నేర్చుకోమనండి.

ప్రశ్న: చిత్తూరులో మా ఆఫీసులో నగరి నుంచి వచ్చే ఒకతను "సెప్పండి సార్, సూస్తాను" అంటాడు, అందరూ నవ్వుతారు. నాకు మాత్రం టీవీలో ‘కల్లు మూసుకుని’ అంటేనే కోపం వస్తుంది. ఏది పట్టించుకోవాలి?

జవాబు: రెండోదే. తమిళంలో మాట మొదట్లో వచ్చే ‘చ’ని ఎక్కువగా ‘స’ అనే పలుకుతారు, నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, అతను అట్లాంటి ఇంటి నుంచి వచ్చుంటే అది అతని అమ్మ భాష వాసన. శ్రీకాకుళం వైపు కూడా సెప్పు, సూడు అంటారు, అక్కడ తమిళం లేదు కూడా. ఎట్లా అన్నా అతను చెప్పింది మీకు అర్థమవుతుంది, పని జరుగుతుంది, ఇంక నవ్వడం దేనికి? నలుగురూ నవ్వేటప్పుడు మీరు నవ్వకుండా ఉంటే అతనికి అదే పెద్ద సాయం. టీవీలో వార్తలు చదివేవాళ్లకి మాత్రం మాట పలకడమే ఉద్యోగం, కళ్లు అనాల్సిన చోట కల్లు అంటే అర్థమే మారిపోతుంది. మీ కోపం న్యాయమైనదే, ఆ ఛానెల్ వాళ్లకి ఏ రోజు, ఏ టైములో, ఏ మాట తప్పు పలికారో వివరంగా రాసి పంపండి.