లావెన్‌హామ్ ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు మియాపూర్ ఫ్లాట్ సంగతి తేల్చండి

ప్రశ్న: 2017 నుంచి ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో అద్దెకుంటున్నాం. నాది మార్టిల్‌షామ్‌లో ఐటీ ఉద్యోగం, మా ఆవిడ నర్సు. ఇద్దరి జీతం ఏడాదికి 1,18,000 పౌండ్లు, పొదుపు 1,10,000. దగ్గర్లోని లావెన్‌హామ్‌లో ఐదు బెడ్‌రూమ్‌ల పాతకాలపు ఇల్లు, గ్రేడ్ 2 లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా చట్టం రక్షణ ఉన్నది), 6,20,000 పౌండ్లకు అమ్మకానికి వచ్చింది. అమ్మానాన్నలు వచ్చినా ఇరుకు ఉండదు. మియాపూర్‌లో 2015లో 45 లక్షలకు కొన్న ఫ్లాట్ మా ఇద్దరి పేరా ఉంది. అద్దెకిచ్చాం, ఇప్పుడు 90 లక్షలు పలుకుతోంది. ఇంగ్లండ్‌లో ఇదే మొదటి ఇల్లు కాబట్టి స్టాంప్ డ్యూటీ తగ్గుతుందంటున్నారు. ఫ్లాట్ ఉంచుకునే దీన్ని కొనొచ్చా?

జవాబు: కొనొచ్చు గానీ, ఫ్లాట్ ఉంచుకుంటే మీకు ఈ ఇల్లు 31,000 పౌండ్లు ఎక్కువ పడుతుంది. మీ లెక్క తప్పుతున్నది అక్కడే.

మొదటిసారి కొనేవాళ్ల రాయితీ మీకు రాదు. ఇల్లు 5 లక్షల పౌండ్లు దాటితే అది ఎవరికీ ఉండదు. దాటకపోయినా, ప్రపంచంలో ఎక్కడ ఇల్లు ఉన్నా మీరు మొదటిసారి కొనేవాళ్ల కిందకి రారు. మామూలు డ్యూటీ 21,000 పౌండ్లు. దీని మీద, వేరే ఇల్లు ఉన్నవాళ్లు ధర మొత్తానికి ఇంకో 5 శాతం కట్టాలి. ఆ వేరే ఇల్లు ఏ దేశంలో ఉన్నా ఇదే రూలు. దాని విలువ 40,000 పౌండ్లు ఉంటే చాలు, మీ ఫ్లాట్ సుమారు 75,000 (ఇద్దరి పేరా ఉంది కాబట్టి వాటాల విలువ ఎలా లెక్కేస్తారో లాయరుతో ఖాయం చేసుకోండి). మొత్తం 52,000 అయింది. పిల్లల పేరు మీదికి మారుద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 18 ఏళ్లలోపు పిల్లల ఇంటిని తల్లిదండ్రులదిగానే లెక్కేస్తారు.

ఇప్పుడు మీ పొదుపు చూద్దాం. డ్యూటీకి 52,000, లాయరుకి, సర్వేకి ఓ 5,000 పోతే చేతిలో 53,000 మిగులుతుంది. ఇంటి ధరలో పదో వంతు కూడా కాదు. 5,67,000 అప్పు కావాలి, అంటే మీ జీతానికి 4.8 రెట్లు. చాలా బ్యాంకులు నాలుగున్నర రెట్ల దగ్గరే ఆగుతాయి. ఒకవేళ ఇచ్చినా, ఇంట్లో అడుగుపెట్టే రోజుకి మీ ఖాతా ఖాళీ. పాత ఇంట్లో అది చాలా ప్రమాదం.

ఫ్లాట్ ముందే అమ్మేస్తే? పన్నులు, ఖర్చులు పోను 65,000 పౌండ్లు వస్తాయనుకుందాం. పొదుపుతో కలిపి 1,75,000. డ్యూటీ 21,000, ఖర్చులు 5,000, రిపేర్లకి పక్కన పెట్టాల్సిన 25,000 తీసేస్తే 1,24,000. సరిగ్గా 20 శాతం డౌన్ పేమెంట్. అప్పు 4,96,000కి దిగుతుంది. నాలుగున్నర శాతం వడ్డీ, 25 ఏళ్లు అనుకుంటే నెలకి దాదాపు 2,760 పౌండ్లు. తేలికేం కాదు, ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నంతకాలం మోయగలరు.

ఇక్కడ ముఖ్యమైన మాట: ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఆ ఇంటి కంప్లీషన్ తేదీకి (మిగతా డబ్బు కట్టి ఇల్లు మీ చేతికొచ్చే రోజుకి) ముందే అయిపోవాలి. కొన్నాక తీరిగ్గా అమ్మితే అదనపు డ్యూటీ వాపసు రావడం మీ విషయంలో కుదరదు, ఎందుకంటే ఆ ఫ్లాట్‌లో ఈమధ్య మీరు కాపురం లేరు. ఇంగ్లండ్‌లో సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఒకరికొకరు ఇచ్చుకునేదాకా ఎవరూ కట్టుబడి ఉండరు, అది మీకు కలిసొచ్చే విషయమే. కానీ అమ్మేవాళ్లు కూడా అప్పటిదాకా ఇంకొకరికి ఇచ్చేయొచ్చు.

ఇండియా వైపు: మీరు ఎన్నారైలు కాబట్టి కొనేవాళ్లు టీడీఎస్‌ని మీ లాభం మీద కాదు, అమ్మకం ధర మొత్తం మీద కోస్తారు. తక్కువ కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్‌కి కొనేవాళ్లు దొరకగానే అప్లై చేయండి, లేకపోతే లక్షలు రీఫండ్‌లో ఇరుక్కుంటాయి. లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్సు ఉంటాయి. ఇల్లు అమ్మి ఇల్లు కొన్నందుకు ఇచ్చే మినహాయింపు ఇండియాలో కొంటేనే. ఇంగ్లండ్‌లోనూ ఈ లాభం చూపించాలి, ఇండియాలో కట్టిన పన్ను అక్కడ తగ్గిస్తారు. డబ్బు ఎన్ఆర్‌వో ఖాతా (ఎన్నారైలు ఇండియా ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) నుంచి సీఏ సర్టిఫికెట్‌తో పంపుకోవచ్చు. (ఫ్లాట్ అద్దె ఇంగ్లండ్ పన్ను రిటర్నులో ఏటా చూపిస్తున్నారనే అనుకుంటున్నాను.)

ఇక ఇల్లు. ఉన్ని బట్టల వ్యాపారంతో లావెన్‌హామ్ 16వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని సంపన్నమైన ఊళ్లలో ఒకటి. తర్వాత వ్యాపారం పడిపోయి, కూల్చి కొత్తవి కట్టే స్తోమత లేక ఆ చెక్క దూలాల ఇళ్లు అలాగే మిగిలిపోయాయి. ఆ చరిత్రకి ఇప్పుడు మీరు డబ్బు కట్టాలి. లిస్టెడ్ ఇంట్లో కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి, లేకుండా చేస్తే నేరం. పాత యజమాని అనుమతి లేకుండా చేసినవి కూడా సరిచేయమని మిమ్మల్నే అడగొచ్చు. ఆ కాగితాలన్నీ లాయరుతో తెప్పించుకోండి. సర్వే లెవెల్ 3 (అన్నిటికన్నా వివరమైన తనిఖీ) చేయించండి, అలాంటి ఇళ్లు చూసి అలవాటున్న సర్వేయరుతో. సున్నం గోడల మీద ఎవరైనా సిమెంట్ పూసి ఉంటే లోపల తేమ నిలిచి దూలాలు కుళ్లుతాయి. ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా ఆఫర్‌కి ముందే తీసుకోండి. ఊరికి రైలు లేదు, స్టేషన్‌లో ప్రయాణికుల రైళ్లు 1961లోనే ఆగిపోయాయి. మీవి రెండు చోట్ల ఉద్యోగాలు, రెండు కార్ల ఖర్చు వేసుకోండి.

నేనైతే ఫ్లాట్‌కి కొనేవాళ్లు దొరికి అగ్రిమెంట్ అయ్యాకే అక్కడ ఆఫర్ పెడతాను. ఆ ఇల్లు ఈలోపు చేజారితే చేజారనివ్వండి. మియాపూర్ ఫ్లాట్ అమ్మడానికి మనసొప్పకపోతే, ఇప్స్‌విచ్‌లోనే 4 లక్షల పౌండ్ల లోపు ఇల్లు చూసుకోండి. అదనపు డ్యూటీ అక్కడా తప్పదు, కానీ అది 20,000 దాటదు, అప్పు కూడా మీ జీతంలో ఇమిడిపోతుంది.