బారో, లెండ్ దగ్గర తడబడుతున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసంలో 'హీ బారోడ్ మీ హిజ్ సైకిల్' అని రాశావు. స్పెల్లింగులో తప్పు లేదు. చిక్కంతా నిఘంటువులో బారోకి ఎదురుగా 'అప్పు' అని చూసి వదిలేయడం వల్ల వచ్చింది. మనం అప్పు ఇస్తాం, అప్పు తీసుకుంటాం. వస్తువు ఎటు పోతోందో పక్కనున్న క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో ఆ సంగతి మాటలోనే ఇమిడి ఉంటుంది. ఇచ్చేవాడిది లెండ్, తీసుకునేవాడిది బారో. లెండ్ పక్కన మనిషి నేరుగా రావచ్చు: 'హీ లెంట్ మీ హిజ్ సైకిల్'. బారో పక్కన వస్తువే రావాలి, మనిషి ఫ్రమ్ వెనకాల రావాలి: 'ఐ బారోడ్ ఎ సైకిల్ ఫ్రమ్ హిమ్'.

ఇలాంటి జంటల్లో చాలావాటికి ఇదే తాళంచెవి. మాట పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడు. దొంగిలించిన వస్తువు స్టీల్ పక్కన, దోపిడీకి గురైన మనిషో బ్యాంకో రాబ్ పక్కన. 'దే రాబ్డ్ ది మనీ' అనకూడదు. 'చెప్పాడు' అనడానికీ అంతే. టెల్ పక్కన వినేవాడు ఉండాలి: 'హీ టోల్డ్ మీ'. సే అయితే మధ్యలో టు కావాలి: 'హీ సెడ్ టు మీ'. నిజం, అబద్ధం, కథ మాత్రం టెల్ పక్కన నేరుగా వస్తాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకో.

అఫెక్ట్, ఎఫెక్ట్ పలికితే దాదాపు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చెవిని నమ్ముకోకు. ముందు 'ది' పెట్టి చూడు. పొసిగితే ఎఫెక్ట్, ప్రభావం. పొసగకపోతే అఫెక్ట్, ప్రభావం చూపడం. నూటికి తొంభై సార్లు ఇది చాలు. ఎఫెక్ట్ క్రియగా కూడా ఉంది, 'ఎఫెక్ట్ ఎ చేంజ్' అంటే మార్పు తీసుకురావడం, కానీ నీకు ఇప్పుడే దానితో పని లేదు.

హార్డ్, హార్డ్‌లీ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. చివర 'లీ' చేరిస్తే క్రియా విశేషణం అవుతుందన్న సూత్రం ఇక్కడ ముంచుతుంది. హార్డ్‌కి అది అక్కర్లేదు. 'షీ వర్క్స్ హార్డ్' అంటే కష్టపడి పనిచేస్తుందని. 'షీ హార్డ్‌లీ వర్క్స్' అంటే దాదాపు పనే చేయదని! సిఫారసు లేఖలో ఈ 'లీ' పొరపాటున చేరితే మెచ్చుకోలు కాస్తా ఫిర్యాదవుతుంది.

నోట్‌బుక్కులో మాట, దానికెదురుగా తెలుగు అర్థం రాసే పద్ధతి మానెయ్. ముందూ వెనకా మాటలతో సహా పూర్తి వాక్యం రాసుకో, ఒక్కో మాటకు మూడు వాక్యాలు. జంటలో రెండింటినీ ఒకే రోజు పట్టుకోకు, అలా చేస్తే రెండూ కలిసిపోయి ఏది ఏదో తేలదు. ఒకటి నోటికి పట్టాకే రెండోది.

ఈ వారం లెండ్. బారో వచ్చే వారం చూద్దువు గాని.

ఇట్లు,
మామయ్య